పేరు సరిగా ఉంటే పని సులువు

రాజమహేంద్రవరం వద్ద గోదావరిపై 1900లో హేవలాక్ వంతెన, 1974లో రోడ్డు-రైలు వంతెన వచ్చాయి. రెండవదానిని "కొత్త వంతెన" అన్నామనుకోండి. 1997లో ఆర్చి వంతెన వచ్చాక కొత్తది ఏది? "కొత్త" అనేది కాలంతో చెడిపోయే పేరు. "ఆర్చి వంతెన" అంటే ఎవరైనా చూసి గుర్తుపడతారు.

కంప్యూటరు ప్రోగ్రాములు రాసేవారికీ ఇదే చిక్కు. ప్రోగ్రాములకు మెమరీని పంచి, వంతులు వేసే మూల ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. కెర్నెల్ అంటే గింజలోని పప్పు. ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్స్ కెర్నెలే నేటి ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉంది. అందులో ఒక్కొక్క పని చేసే ఆదేశాల సమూహమే ఫంక్షను. దాని పేరు ఏదైనా యంత్రానికి ఒకటే. చదివే మనిషికే తేడా!

కంప్యూటరు పేరు, రకం చెప్పే "యూనేమ్" కథ చూడండి. మొదటి రూపంలో ఒక్కో పేరుకు 8 అక్షరాలే పట్టేవి. తరువాతి రూపంలో 64 పట్టాయి. ఆపైన మూడవది వచ్చింది. పాత ప్రోగ్రాములు ఆగిపోకూడదు గనుక ముందువాటిని తీసివేయలేదు. ఫలితంగా లినక్స్‌లో "ఓల్డ్‌యూనేమ్", "ఓల్డ్‌ఓల్డ్‌యూనేమ్" మిగిలాయి!

మరో ఉదాహరణ. "కే-జెడ్-అలాక్" మెమరీని సున్నాలతో నింపి ఇస్తుంది. "కే-జెడ్-ఫ్రీ" మెమరీని సున్నాలతో తుడిచి వదిలేస్తుంది. రెండూ జంట అనిపిస్తాయి కదూ? కాదు. రెండవది రహస్య సంకేతాల వంటివి ఇతరుల కంట పడకుండా చెరపడానికి. జంట అనుకుని అన్నిచోట్లా వాడితే శ్రమ వృథా. దాని అసలు ప్రయోజనం తెలియక, అవసరమైనచోట వాడకపోతే రహస్యం మెమరీలో మిగిలిపోతుంది. అందుకే 2020లో దానికి "కే-ఫ్రీ-సెన్సిటివ్" అని పేరు మార్చారు. ఇది కెర్నెల్ లోపలి పేరు కాబట్టి, వాడినచోటల్లా మార్చగలిగారు.

అయితే పేర్లన్నీ పొడుగ్గా ఉండాలా? అక్కర్లేదు. ఇంట్లో "బుజ్జీ" అంటే చాలు. బడి హాజరుపట్టీలో ఇంటిపేరుతో సహా ఉండాలి. లినక్స్ నియమమూ ఇంతే. ఒక ఫంక్షను లోపల లెక్కకు "ఐ" అనే ఒక్క అక్షరం చాలు. అందరూ పిలిచే ఫంక్షనుకు మాత్రం పని తెలిపే పేరుండాలి.

మీ ప్రయోగశాలలో సీసాల మీది చీటీలు చదవండి. "కొత్త ద్రావణం" అని ఉన్న సీసాను ధైర్యంగా వాడగలరా? "సజల సల్ఫ్యూరికామ్లం" అని ఉంటే? తేడా మీకే తెలుస్తుంది.