తిరిగి వచ్చు నాదము

వాయించిన స్వరము క్షణములో గాలిలో కలిసిపోవుట లోకానుభవము. అట్లు పోయిన స్వరమును మరల రప్పించి, దానిపై మరియొక స్వరమును నిలిపి, ఆ రెంటిపై మూడవదానిని చేర్చుట యెట్లు? ఇంగ్లండు దేశీయులగు రాబర్ట్ ఫ్రిప్, బ్రయన్ ఈనో అనువారు 1975వ సంవత్సరమున వెలువరించిన ‘ఈవెనింగ్ స్టార్’ అను రికార్డు ఈ రీతి సంగీతమునకు మంచి యుదాహరణము. ‘సంధ్యాతార’ యని యా పేరునకు అర్థము. ఇందు పాట లేదు; మృదంగమువంటి తాళవాద్యమును లేదు. ఫ్రిప్ గారి గిటారు దీనికి ముఖ్యాధారము. ఈనో గారు యంత్రములను నడిపిరి. దీనిని వినవలసిన తీరును విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును వివరింపదలచితిమి.

మొదట యంత్రముల పని తెలిసికొందము. రెండు టేపురికార్డర్లను కొంత యెడముగా నుంచుదురు. ఒకే టేపు మొదటి యంత్రమునుండి బయలుదేరి రెండవ యంత్రమున చుట్టుకొనును. మొదటిది గిటారు ధ్వనిని ముద్రించును. రెండవది దానిని వినిపించును. ఆ ధ్వనియే తీగ ద్వారా మరల మొదటిదానికి పోయి, కొత్త స్వరముతో కలిసి ముద్రితమగును. టేపు సెకనుకు 7.5 అంగుళముల వేగమున నడచుచు, యంత్రముల నడుమ 30 అంగుళముల టేపు ఉన్నచో, ప్రతి స్వరమును 4 సెకనులకు తిరిగి వచ్చును. తిరిగి పంపు ధ్వనిని తగ్గించినచో, నూతిలో వేసిన కేకవలె అది క్రమముగా నణగిపోవును. తగ్గింపనిచో పొరపై పొర పేరుకొనును.

ఈ పద్ధతిని అమెరికా దేశీయులగు టెర్రీ రైలీ, పాలీన్ ఆలివెరోస్ అనువారు అంతకుముందు పదేండ్లలోనే వాడియుండిరి. ఫ్రిప్, ఈనోలు 1972లో దీనిని గిటారుతో ప్రయోగించిరి. నేడు ఈ పనినే కాలితో నొక్కు చిన్న పెట్టె చేయుచున్నది.

రికార్డు మొదటి వైపున నాలుగు చిన్న రచనలు గలవు; అవి చాలవరకు ప్రశాంతములు. రెండవ వైపున 28 నిమిషములకు పైగా సాగు రచన యొక్కటే. అది నెమ్మదిగా చిక్కబడి కరకుదనమును పొందును. మొదటి మారు వినువారికి ఇందేమియు జరుగుట లేదని తోచుట సహజము. మనము తంబుర నాదమును పాటకు ఆధారముగా మాత్రమే విని, దానియందు మెరయు చిన్న స్వరములను గమనింపము. ఇచట అట్టి గమనికయే ముఖ్యము. ఒక స్వరమును పట్టుకొని, అది తిరిగి వచ్చు వేళను లెక్కించుచు, ప్రతి మారును ఎట్లు మారినదో వినవలెను.

వాద్యకునికి ఇందొక కఠిన నియమము గలదు. ఒకసారి పలికించిన స్వరమును వెంటనే వెనుకకు తీసికొనుటకు వీలులేదు. అపస్వరమైనను తిరిగి వచ్చి తీరును. దానికి తగిన స్వరమును చేర్చి ముందుకు సాగుటయే యతనికి గల మార్గము. కావున పలుకుటకు ముందు అతడు తాను లోగడ పలికినదానిని శ్రద్ధగా వినవలసియున్నది.

విద్యార్థులారా! అవకాశము దొరికినపుడు ఈ రికార్డును ఇతర పనులు మాని, ఒక్కసారి తుదివరకు వినుడు. ఓపికతో వినుటయు నేర్వదగిన విద్యయేనని మీకే తెలియగలదు.