మామ్మ జపం, గుండె తాళం

అమ్మలూ, ఆ ఫోను బోర్లా పెట్టి ఇలా వచ్చి కూర్చో. అది మోగినప్పుడల్లా నీ భుజాలు బిగుసుకుపోవడం చూస్తూనే ఉన్నాను. ఊపిరి కూడా పైపైనే ఆడుతోంది. ఏదీ, చెయ్యి చాపు. మణికట్టు దగ్గర, బొటనవేలి కిందుగా రెండు వేళ్లు ఆనించు. నాడి తగిలిందా? ఇప్పుడు నిదానంగా గాలి పీల్చు. కాస్త తొందరపడింది కదూ! ఇక మెల్లగా వదులు. చూశావా, ఇప్పుడు దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం పెరిగింది. భయపడకు, అది జబ్బు కాదు. నీ వయసులో గుండె అలా ఉండాలి కూడాను.

ఈ పని చేసేది వేగస్ నాడి అనే నరం. లాటిన్‌లో ఆ మాటకి దేశసంచారి అని అర్థం. మెదడు అడుగున బయల్దేరి గొంతు, గుండె, ఊపిరితిత్తులు, పొట్ట అన్నీ చుట్టబెడుతుంది మరి. గుండెని దాని మానాన వదిలేస్తే నిమిషానికి ఇంచుమించు 100 సార్లు కొట్టుకుంటుంది. ఊరికే కూర్చున్నప్పుడు 70 దగ్గర ఉంటోందంటే ఈ నాడి కళ్లెం పట్టుకుని ఉన్నట్టే. గాలి పీల్చేటప్పుడు ఆ కళ్లెం వదులవుతుంది, వదిలేటప్పుడు బిగుస్తుంది.

ఆ కళ్లెం గుట్టు పట్టుకున్నాయన ఒట్టో లోవి అనే శాస్త్రవేత్త. 1921లో ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో రెండు కప్ప గుండెలు తీసుకున్నాడు. ఒకదాని వేగస్ నాడికి కరెంటు తాకిస్తే అది నెమ్మదించింది. దాన్ని ఉంచిన ఉప్పునీళ్లు తీసి, నాడి తెగ్గోసిన రెండో గుండెకి అందిస్తే అదీ నెమ్మదించింది! నాడి కొసన ఏదో మందులాంటిది ఊరుతోందన్నమాట. దాన్నే ఎసిటైల్‌కోలిన్ అంటారు. 1936లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది.

రెండేళ్లు తిరగకుండానే నాజీలు రాత్రిపూట తుపాకులతో వచ్చి ఆయన్ని జైల్లో పడేశారు, యూదుడని. చంపేస్తారనే అనుకున్నాడు. తన కొత్త ప్రయోగాల ఫలితాలు ఎవరికీ తెలియకుండా పోతాయేమోనన్నది ఆయన బెంగ. కాపలావాణ్ణి ఒప్పించి ఒక పోస్టుకార్డు, కలం సంపాదించి, అవన్నీ రాసి పత్రికకి పంపాడు. అప్పుడు చెప్పలేనంత ఊరట కలిగిందట. తలుపు తెరుచుకోలేదు, తెల్లారితే ఏమవుతుందో తెలియదు. అయినా ఊరట! తర్వాత ఆయన ప్రాణాలతో దేశం దాటాడులే. నాకు మాత్రం ఆ పోస్టుకార్డు తలచుకున్నప్పుడల్లా గొంతు పట్టేస్తుంది.

ఊరటంటే గుర్తొచ్చింది, లోపల మామ్మ తులసిమాల తిప్పుతోంది, వినబడుతోందా? మన గుణదల మరియమ్మ భక్తులూ జపమాల తిప్పుతారు కదా. ఇటలీలో లుచియానో బెర్నార్డి అనే వైద్యుడు, ఆయన తోటివాళ్లు 23 మందిచేత ఆ మరియమ్మ జపమే లాటిన్‌లో చేయించారు. బౌద్ధుల మంత్రం ఒకటి కూడా జపింపజేశారు. ఏది జపించినా ఊపిరి నిమిషానికి 6 సార్లకి వచ్చి కుదురుకుంది. మన రక్తపోటులో సహజంగానే 10 సెకన్లకో చిన్న అల లేస్తుంటుంది. ఊపిరి, గుండె వేగం, ఆ అల మూడూ ఒకే తాళంలో పడ్డాయి. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది ఈ సంగతి. తాళం కోసమని ఎవరూ ప్రార్థన కట్టి ఉండరనుకుంటాను. గుక్క తిప్పుకోకుండా ఎంతసేపు పలకగలమో అంత పొడుగున కుదిరి ఉంటుంది, అంతే.

ఆ ప్రార్థన ఎక్కడికి చేరుతుందో కొలిచే యంత్రం ఎవరి దగ్గరా లేదు తల్లీ. చేరుతుందని నా నమ్మకం.

పదకొండింటికి మళ్లీ ఆఫీసు కాల్ ఉందన్నావుగా. ఈలోపు వెళ్లి మామ్మ పక్కన కూర్చో. మాల పట్టుకోకపోయినా ఫర్వాలేదు, లెక్కా పెట్టకు. ఆవిడ గొణుగుడు ఆగినప్పుడల్లా నువ్వూ గాలి పీల్చుకో.