కొవ్వు, పాలిమరు కలిసిన పొరసంచులు: పత్రపోషణకు పనికివస్తాయా?

నర్సీపట్నం దాపున కృష్ణదేవిపేట వంటి కొండవార గ్రామాలలో కార్శి చెరకు ఇనుపధాతు లోపంతో పాలిపోతే అన్నభేది, నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేయమంటాము. వెంటనే వాన పడితే మందు నేలపాలవుతుంది. పడకున్నా ఆకు మైనపు పొరను దాటేది కొంతే. పోషకాన్ని సూక్ష్మ పొరసంచిలో పెట్టి పంపే ప్రయత్నానికి ఇదే ఆధారం. 2018లో ఇజ్రాయెల్‌లోని టెక్నియన్ శాస్త్రజ్ఞులు సోయా కొవ్వు సంచులలో ఇనుము, మెగ్నీషియం నింపి టొమాటోలో తీవ్ర లోపాన్ని సరిచేశారు.

అయితే కొవ్వు పొర మందం 4–5 నానోమీటర్లే. సులభంగా చిట్లుతుంది, కారుతుంది. 1999లో వెలుగుచూసిన పాలిమరు సంచుల పొర దాదాపు రెట్టింపు మందం, ఎంతో గట్టిది. కానీ లోని సరుకును సులువుగా విడువదు. అందుకే మిశ్రమం. రెండింటినీ క్లోరోఫాంలో కరిగించి, ద్రావణిని ఆవిరిచేసి, మిగిలిన పలుచని పొరను నీటితో తడిపి, 100 నానోమీటర్ల రంధ్రాల జల్లెడ గుండా నొక్కుతారు. చెప్పినంత తేలిక కాదు. మందాల తేడా వలన కొన్ని పాళ్లలో కొవ్వు, పాలిమరు విడివడి దీవులుగా ఏర్పడతాయి. ఆ అంచుల వద్దే పొర బలహీనం. కనుక ఏ పాలు కలిపామన్నదే అసలు ప్రశ్న.

ప్రయోగశాలలకు ప్రియమైన పాలీబ్యుటాడయీన్ నేలలో సులభంగా శిథిలం కాదు. పొలానికి ఉద్దేశించినప్పుడు పాలీలాక్టిక్ ఆమ్లం వంటివే ఎంచుకోవాలని నా అభిప్రాయం. రైతుకు సిఫారసు చేసే దశ ఇంకా రాలేదు. విద్యార్థులు ముందుగా పరీక్షించవలసినది ఆకును కాదు, స్ప్రేయరు ట్యాంకును: బోరు నీటి ఉప్పులలో ఆ సంచి ఇనుమును ఎన్ని గంటలు పట్టి ఉంచుతుందో కొలవాలి.