ఉత్తరాంధ్ర చుట్టిల్లు – పర్యావరణహిత గ్రామీణ విడిది: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
గ్రామీణ కుటీర విడిది పర్యావరణహితమా కాదా అన్నది దాని రూపాన్ని బట్టి కాక నిర్వహణను బట్టి తేలుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల చుట్టిల్లును నమూనాగా తీసుకొని నిర్మాణం, నీరు, వ్యర్థాలు, భూమి అనే నాలుగు అంశాలను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: చుట్టిల్లు, తాటాకు, తుఫాను, ఉద్దానం, గ్రామీణ పర్యాటకం.

1. ఉపోద్ఘాతం:
సిమెంటు గోడకు వెదురు బద్దలు తాపి, రేకుల కప్పు మీద తాటాకు పరచి, దానినే పర్యావరణ కుటీరమని పిలవడం నేడు తరచుగా కనిపిస్తున్నది. చూపరులకు అది పల్లె ఇల్లే. లోపలి చల్లదనం మాత్రం ఏసీది. తాటాకు అక్కడ అలంకారంగా మిగిలింది. అదే తాటాకు చుట్టింటిలో ఏ పని చేసిందో తెలుసుకుంటే, విడిది నిర్వహణకు కావలసిన సూత్రాలు అక్కడే లభిస్తాయి.

2. చుట్టిల్లు – నిర్మాణ తర్కం:
గుండ్రని మట్టి గోడ, శంకువు ఆకారపు తాటాకు కప్పు చుట్టింటి ప్రధానాంగాలు. చూరు బాగా కిందికి దిగి ఉండటంతో లోనికి వెళ్లేవారు తల వంచవలసి వస్తుంది. ఈ చూరు వల్ల వాన జల్లు మట్టి గోడను తాకదు. ఈదురుగాలి కప్పు కిందికి చొరబడి దానిని పైకి లేపే అవకాశం తగ్గుతుంది. గుండ్రని గోడకు గాలికి ఎదురొడ్డే చదునైన ముఖం లేదు కనుక గాలి పక్కలకు జారిపోతుంది. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటాయి. తిత్లీ గాలుల వేగం గంటకు 140 కిలోమీటర్లు మించింది. ఇటువంటి తీరంలో ఇంటి ఆకారాన్ని గాలే నిర్ణయించిందనడం అతిశయోక్తి కాదు.

అయితే తాటాకుకు నిప్పు భయం, మట్టి గోడకు నిలువ నీటి భయం ఉన్నాయి. అందువల్ల వంటపాకను వేరుగా వేయాలి. పునాదిని రాతితో ఎత్తుగా కట్టాలి. గదిపై అటుక వేసి మట్టి మెత్తాలి. అతిథులు రావడం మొదలయ్యే అక్టోబరు, నవంబరు మాసాలే తుఫానుల కాలం కూడా. ఎంత చక్కగా కట్టినా, హెచ్చరిక వెలువడగానే అతిథులను పక్కా భవనానికి చేర్చే ఏర్పాటు తప్పనిసరి.

3. నీటి లెక్క:
ఈ ప్రాంతపు సగటు వార్షిక వర్షపాతం సుమారు 1,100 మిల్లీమీటర్లు. 50 చదరపు మీటర్ల కప్పు మీద పడే వానలో 80 శాతం పట్టగలిగితే ఏడాదికి 44,000 లీటర్లు వస్తాయి. మనిషికి రోజుకు 100 లీటర్ల చొప్పున నలుగురు అతిథులకు అది 110 రోజుల వాడకం. తాటాకు మీది నీరు రంగు మారుతుంది గనుక ఇందుకు వంటపాక పెంకుల కప్పు అనుకూలం. వాన ఎక్కువగా జూన్–అక్టోబరు మధ్యనే కురుస్తుంది. తొట్టిలో పట్టనిదానిని ఇంకుడు గుంతకు మళ్లించాలి.

ఉద్దానంలో ఈ లెక్కకు మరింత ప్రాధాన్యం ఉంది. అక్కడ దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి విస్తృతంగా ఉంది; కారణం నిర్ధారణ కాలేదు. అటువంటి చోట అతిథికి సీసా నీరు, పనివారికి బావి నీరు ఇచ్చే విడిది ఎంత పచ్చగా ఉన్నా న్యాయమైనది కాదు. పరీక్షించిన నీటినే అందరికీ ఇవ్వాలి.

4. వ్యర్థాలు, వన్యప్రాణులు:
రెండు గోతుల మరుగుదొడ్డిలో ఒక గొయ్యి నిండాక రెండవది వాడుతారు. మొదటిదానిలోని మలం క్రమంగా ఎరువవుతుంది. తీరపు ఇసుక నేలలో భూగర్భజలం పైపైనే ఉంటే ఆ గొయ్యే బావిని చెరుపుతుంది. అక్కడ నేలపై ఎత్తుగా కట్టిన తొట్టి మేలు. స్నానపు నీటిని అరటి పాదులకు పారించవచ్చు.

టెక్కలి సమీపంలోని తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెట్ల మీదనే గూళ్లు కడతాయి. గ్రామస్థులు వాటిని ఇంటికి వచ్చిన చుట్టాలుగా భావించి కాపాడుతున్నారు. అటువంటి ఊళ్ల దరిని నడిచే విడిదికి రాత్రి దీపాలు, ధ్వని పరికరాలు, టపాసుల విషయంలో ఊరివారి కట్టుబాటే నియమావళి కావాలి.

5. భూమి, జీవనోపాధి:
2019 నాటి తీరప్రాంత నియంత్రణ ప్రకటన జనసాంద్రత తక్కువగల గ్రామీణ తీరంలో పోటు రేఖ నుండి 200 మీటర్ల వరకు అభివృద్ధి నిషిద్ధ మండలాన్ని నిర్దేశించింది. ఇక సీతంపేట వంటి ఏజెన్సీ ప్రాంతాలు 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చాయి. అక్కడి షెడ్యూల్డు గ్రామాల్లో 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులకు భూమి బదలాయింపు చెల్లదు. 1997 నాటి సమత తీర్పు ప్రభుత్వ భూములను గిరిజనేతరులకు లీజుకివ్వడాన్ని కూడా అడ్డుకున్నది. కనుక మన్యంలో విడిది యాజమాన్యం గిరిజనుల చేతిలో, లేదా వారి సహకార సంఘం చేతిలో ఉండవలసినదే.

తాటాకు కప్పును కొన్నేళ్లకోసారి మార్చాలి. యజమాని దీనిని నష్టంగా లెక్కవేస్తాడు. ఊరి దృష్టిలో అది కప్పు నేసేవారికి, ఆకు కోసేవారికి, గోడలు అలికే స్త్రీలకు వచ్చే కూలి. మరమ్మతు అక్కరలేని కుటీరం ఆ డబ్బును సిమెంటు కంపెనీకి ఒక్కసారే చెల్లిస్తుంది. మరమ్మతు కోరే కుటీరం ఊరికి మళ్లీ మళ్లీ చెల్లిస్తుంది.

6. ముగింపు:
చుట్టిళ్లు తగ్గుతున్నకొద్దీ వాటిని కట్టగల చేతులూ తగ్గుతున్నాయి. నేర్చిన పెద్దలు ఉండగానే ఆ పనికి కూలి గిట్టితే విద్య తరువాతి తరానికి అందుతుంది. లేకుంటే చుట్టిల్లు ఛాయాచిత్రంగా మిగులుతుంది. వాస్తు కొలతలతో పాటు పనివారి మాటలను, పనిముట్ల పేర్లను, కప్పు నేసే క్రమాన్ని సేకరించడం ఈ ప్రాంతపు కళాశాలల తెలుగు, చరిత్ర శాఖలు వెంటనే చేపట్టదగిన పరిశోధన. విడిది నిర్వాహకులకు కావలసిన తొలి పాఠ్యగ్రంథం కూడా అదే.