సి భాష పనిముట్లు: ఏ కంప్యూటరుకు ఏవి, ఎందుకు?



సూరత్ నగరంలో లింబాయత్ వైపు వెళ్ళినవారి చెవిన మొదట పడేది మరమగ్గాల చప్పుడు. ఆ మగ్గాల మీద పనిచేసేవారిలో కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడి నగరపాలక సంస్థ గుజరాతీ, మరాఠీ, ఒడియా వంటి భాషలతోపాటు తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతూ వచ్చింది. ఈనాటి పాఠం సి భాషకు కావలసిన పనిముట్లను కంప్యూటరులో నెలకొల్పుకోవడం గురించి. అయినా మగ్గం దగ్గర మొదలుపెడుతున్నాను. కారణం మీకే తెలుస్తుంది.

జకార్డు మగ్గాన్ని చూసినవారికి దాని పైన వేలాడే చిల్లుల అట్టలు గుర్తుండే ఉంటాయి. 1804 ప్రాంతంలో ఫ్రాన్సులోని లియాన్ నగరంలో జోసెఫ్ మరీ జకార్డ్ ఈ పద్ధతిని రూపొందించాడు. పేక ఒక్కసారి వేయడానికి ఒక అట్ట. అట్టలో చిల్లు ఉన్నచోట కొక్కెం పైకి లేస్తుంది, దానితోపాటు పడుగుపోగు లేస్తుంది. చిల్లు లేనిచోట పోగు కిందే ఉంటుంది. అంచు మీద నెమలి రావాలంటే డిజైనరు ముందుగా గళ్ళ కాగితం మీద నెమలిని గీస్తాడు. అట్టలు కొట్టేవాడు ఆ గళ్ళు చూసి చిల్లులు కొడతాడు.

ఇక్కడ ఒక చిన్న విషయం గమనించండి. 240 కొక్కేల జకార్డుకు కొట్టిన అట్టలు 400 కొక్కేల జకార్డుకు పనికిరావు. సూరత్‌లో ఇప్పుడు చాలాచోట్ల అట్టలు పోయి ఎలక్ట్రానిక్ జకార్డులు వచ్చాయి. డిజైనును కంప్యూటరులో తయారుచేసి ఫైలుగా మగ్గానికి అందిస్తారు. 2688 కొక్కేల మగ్గానికి చేసిన ఫైలును తక్కువ కొక్కేలున్న మగ్గానికి ఇస్తే నెమలి రాదు. గళ్ళ కాగితం మీది బొమ్మ మాత్రం రెండింటికీ ఒకటే.

సి భాషలో మీరు రాసే ప్రోగ్రాము ఆ గళ్ళ కాగితం లాంటిది. దాన్ని కంప్యూటరు నేరుగా చదవలేదు. దాన్ని చదివి ఆ యంత్రానికి తగిన ఆదేశాలుగా మార్చిపెట్టేది కంపైలరు, అంటే మన అట్టలు కొట్టేవాడు. అందుకని "సి భాషను ఇన్‌స్టాల్ చేయడం" అనే మాట సరైనది కాదు. భాష కాగితం మీది నియమాల సముదాయం, దాన్ని ఎక్కడా నెలకొల్పనక్కరలేదు. నెలకొల్పేది మీ యంత్రం ఎరిగిన కంపైలరును, దానితోపాటు మరికొన్ని సాధనాలను.

ఆ మరికొన్ని ఏమిటో చూద్దాం. తెర మీద అక్షరాలు చూపించడానికి మీరు ప్రింట్‌ఎఫ్ అని రాస్తారు. ఆ పని ఎలా చేయాలో కంపైలరులో ఉండదు. అది లైబ్రరీ అనే వేరే ఫైలులో ఉంటుంది. మీ ప్రోగ్రామునూ ఆ లైబ్రరీనీ కలిపి కుట్టేది లింకరు. ఆ లైబ్రరీలో ఏమేం ఉన్నాయో కంపైలరుకు చెప్పే జాబితాలు హెడర్ ఫైళ్ళు. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా పని ఆగిపోతుంది, ఒక్కొక్కటి లేనప్పుడు ఒక్కొక్క రకం దోషం కనిపిస్తుంది.

మరి అన్ని కంప్యూటర్లకూ ఒకే మూట ఎందుకు సరిపోదు? కారణాలు రెండు. మొదటిది ప్రాసెసరు. సాధారణ ల్యాప్‌టాపుల్లో ఎక్కువగా ఉండేది ఎక్స్86 వంశం. ఫోన్లలోనూ, 2020 నవంబరు నుంచి వచ్చిన యాపిల్ కంప్యూటర్లలోనూ ఉండేది ఆర్మ్ వంశం. ఒకదాని ఆదేశాలు మరొకదానికి అర్థం కావు. రెండవది ఆపరేటింగ్ సిస్టం. ప్రాసెసరు ఒకటే అయినా విండోస్ ప్రోగ్రాము లినక్స్‌లో నడవదు. ప్రోగ్రాము ఫైలు లోపలి అమరిక విండోస్‌లో ఒక తీరు, లినక్స్‌లో మరో తీరు, మ్యాక్‌లో ఇంకో తీరు. తెర మీద అక్షరం రాయమని, ఫైలు తెరవమని సిస్టాన్ని అడిగే పద్ధతి కూడా వేరువేరు.

కాబట్టి ఏదైనా దింపుకునే ముందు మీ యంత్రం ఏదో తెలుసుకోండి. విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టం, అబౌట్ అనే వరుసలో వెళితే సిస్టం టైపు అని కనబడుతుంది. లినక్స్, మ్యాక్‌లలో టెర్మినల్ తెరిచి యూనేమ్ అని రాసి, ఖాళీ వదిలి, అడ్డగీత, ఎం అని కొడితే ప్రాసెసరు వంశం పేరు చెబుతుంది. ఈ పాఠంలో ఆదేశాలను పలికే తీరులో తెలుగులో ఇస్తున్నాను. మీరు మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో టైపు చేయాలి.

ఇక మనం వాడబోయే కంపైలరు జీసీసీ. రిచర్డ్ స్టాల్‌మన్ దీన్ని 1987లో మొదటిసారి విడుదల చేశాడు. ఇది ఉచితం, మూలరూపం ఎవరైనా చూడవచ్చు. కానీ కొత్తవారిని తికమక పెట్టే విషయం ఒకటుంది. జీసీసీ బృందం మూలరూపాన్ని మాత్రమే విడుదల చేస్తుంది. దాన్ని ఒక్కొక్క సిస్టానికి తగినట్లు తయారుచేసి అందించేవారు వేరు. ఆ బృందం సైటుకు వెళ్ళి "దింపుకోండి" అనే మీట కోసం గంటసేపు వెతికినవారిని నేనెరుగుదును.

లినక్స్ సంగతి తేలిక గనుక ముందు అది ముగిద్దాం. ఉబుంటు, డెబియన్‌లలోనూ, డెబియన్ ఆధారంగా మన సీడాక్ సంస్థ రూపొందించిన బాస్ లినక్స్‌లోనూ సుడో ఆప్ట్ అప్‌డేట్ అని ఒకసారి, తరువాత సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ బిల్డ్-ఎసెన్షియల్ అని ఒకసారి కొడితే చాలు. కంపైలరు, లింకరు, లైబ్రరీ, హెడర్లు అన్నీ కలిసి వస్తాయి, ఏవి ఎక్కడ ఉంచాలో సిస్టమే చూసుకుంటుంది. ఫెడోరాలో ఆప్ట్‌కు బదులు డీఎన్ఎఫ్ వాడి, జీసీసీ అన్న పేరుతో అడగాలి. సుడో అన్నప్పుడు సంకేతపదం అడుగుతుంది. మీరు టైపు చేస్తున్నా తెర మీద చుక్కలు కూడా కనబడకపోవచ్చు. కీబోర్డు పాడైందని భయపడకండి. అది కావాలనే చూపించదు.

మ్యాక్‌లో ఎక్స్‌కోడ్-సెలెక్ట్ అని రాసి, రెండు అడ్డగీతలు పెట్టి ఇన్‌స్టాల్ అని కొడితే ఒక చిన్న పెట్టె తెరుచుకుంటుంది, ఒప్పుకుంటే దిగుతుంది. అక్కడ జీసీసీ అని కొట్టినా నిజానికి నడిచేది క్లాంగ్ అనే మరో కంపైలరు. మీ పాఠ్యపుస్తకం ప్రోగ్రాములకు దానితో తేడా ఏమీ కనిపించదు.

విండోస్ దగ్గర మాత్రం కొంచెం ఆగాలి. ఎందుకంటే మన కళాశాలల్లో తరాల తరబడి సి భాష అంటే టర్బో సి. బోర్లాండ్ సంస్థ దాన్ని 1987లో తెచ్చింది. నీలం తెర, పసుపు అక్షరాలు. ఆ రోజుల యంత్రాలకు అది చక్కటి సాధనం, నాలాంటివారు దాని మీదే అక్షరాలు దిద్దుకున్నారు. కానీ అది డాస్ కాలపు 16 బిట్ల ప్రోగ్రాము. 64 బిట్ల విండోస్ 16 బిట్ల ప్రోగ్రాములను నడపదు. అందుకే ఇప్పుడు దాన్ని డాస్‌బాక్స్ అనే సాధనంలో పెట్టి నడుపుతారు. అంటే లేని పాత యంత్రాన్ని కొత్త యంత్రంలో నటింపజేసి, దాని మీద సి నేర్చుకోవడం! పరీక్షకు అదే కావాలంటే వాడండి. కానీ అందులో అలవాటైన కోనియో హెడరు, తెర తుడిచే సీఎల్ఆర్ఎస్‌సీఆర్ వంటివి సి భాష ప్రమాణంలో లేవు. అవి కంపైలరు తయారుచేసినవారి సొంత చేర్పులు. జీసీసీలో ఆ వరుస దగ్గరే దోషం వస్తే మీకు సి రాదని కాదు. అది సి భాషలోది కాదు, అంతే.

విండోస్‌కు జీసీసీని అందించేవాటిలో ఎంసిస్2 ఒకటి. దాని సొంత సైటు నుంచే దింపుకోండి. ఎవరో పెన్‌డ్రైవులో ఇచ్చిన నకలు వద్దు. నెలకొల్పాక స్టార్ట్ మెనూలో దాని పేరుతో కొన్ని గుర్తులు కనబడతాయి. యూసీఆర్‌టీ64 అన్నది తెరిచి, సైటులో ఇచ్చిన ఆదేశాన్ని నకలు చేసి అతికిస్తే జీసీసీ దిగుతుంది. ఒట్టి ఎంసిస్ గుర్తును తెరిస్తే అది వేరే పరిసరం, ఇక్కడ దింపిన జీసీసీ అక్కడ కనబడదు.

అంతా అయింది. ఇప్పుడు మామూలు కమాండ్ ప్రాంప్ట్ తెరిచి జీసీసీ అని కొడతారు. "ఈ పేరుగల ఆదేశాన్ని గుర్తించలేదు" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం ఎదురవుతుంది. సూరత్‌లో చదువుకుంటున్న ఒక మగ్గం కార్మికుని కూతురు ఈ వాక్యం చూసి, మూడు రోజులపాటు తీసేసి మళ్ళీ పెట్టి, తీసేసి మళ్ళీ పెట్టి, చివరికి "నాకు కంప్యూటర్ చదువు సరిపడదేమో సార్" అంది. ఆమె యంత్రంలో కంపైలరు మొదటి రోజు నుంచీ సక్రమంగానే ఉంది.

లోపం ఎక్కడుందో చెబుతాను. రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లలో ఒక హమాలీకి మూట ఇచ్చి, "ఈ నాలుగు మార్కెట్లలో ఫలానా దుకాణం ఎక్కడుందో చూసి ఇచ్చిరా" అన్నారనుకోండి. దుకాణం ఐదో మార్కెట్లో ఉంది. అతడు నాలుగూ తిరిగి వచ్చి "అలాంటి దుకాణం లేదు" అంటాడు. అబద్ధమాడలేదు, చెప్పినచోట్ల లేదు. కమాండ్ ప్రాంప్ట్ కూడా అంతే. మీరొక పేరు కొట్టగానే డిస్కంతా వెతకదు. పాత్ అనే జాబితాలో రాసి ఉన్న ఫోల్డర్లను వరుసగా చూస్తుంది, దొరకకపోతే లేదంటుంది. కంపైలరు ఉన్న ఫోల్డరును ఆ జాబితాలో చేర్చడమే మిగిలిన పని.

స్టార్ట్ మెనూలో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అని వెతకండి. తెరుచుకున్న పెట్టెలో పాత్‌ను ఎంచుకుని, ఎడిట్, న్యూ అని నొక్కి ఫోల్డరు పేరు ఇవ్వండి. మామూలుగా అది సి డ్రైవులో ఎంసిస్64, అందులో యూసీఆర్‌టీ64, అందులో బిన్. ఉన్న వరుసలను చెరపకండి, కొత్తది చేర్చండి. తరువాత తెరిచి ఉన్న కమాండ్ ప్రాంప్ట్‌ను మూసి మళ్ళీ తెరవాలి. ప్రతి ప్రోగ్రామూ మొదలయ్యేటప్పుడే ఆ జాబితా నకలు ఒకటి తీసుకుంటుంది, పాత కిటికీ దగ్గర పాత నకలే ఉంటుంది. ఆ అమ్మాయి రెండో రోజే జాబితా సరిచేసింది. పాత కిటికీ మూయలేదు.

అలాగే, ప్రోగ్రాములు దాచే ఫోల్డరుకు ఖాళీలు లేని చిన్న ఇంగ్లీషు పేరు పెట్టండి. తెలుగు అక్షరాలతోనో మధ్యలో ఖాళీలతోనో పేరు ఉంటే కొన్ని సాధనాలు తడబడతాయి. మన భాష మీద చిన్నచూపు కాదు, అవి రాసినవారు మన గురించి ఆలోచించలేదు.

ఇంట్లో కంప్యూటరు లేక ఫోను మాత్రమే ఉన్నవారికి ఆండ్రాయిడ్‌లో టెర్మక్స్ అనే సాధనం ఉంది. అందులో పీకేజీ ఇన్‌స్టాల్ క్లాంగ్ అని కొడితే కంపైలరు వస్తుంది. ఫొటోలు దాచే ఉమ్మడి నిల్వలో ప్రోగ్రామును ఉంచితే అది నడవదు, అక్కడ ప్రోగ్రాములు నడపడానికి ఆండ్రాయిడ్ అనుమతించదు. టెర్మక్స్ సొంత ఫోల్డరులోనే తయారుచేయండి.

లినక్స్‌లో తయారైన ప్రోగ్రామును నడపడానికి పేరుకు ముందు చుక్క, ఏటవాలు గీత పెట్టమంటారు. ఎందుకో ఇప్పుడు మీకే అర్థమవుతుంది. మీరున్న ఫోల్డరు పాత్ జాబితాలో ఉండదు, చుక్క అంటే "ఇక్కడిదే" అని అర్థం. ఇది రక్షణ కోసం. లేకపోతే ఎవరైనా మీ ఫోల్డరులో సిస్టం ఆదేశం పేరుతోనే ఒక దొంగ ప్రోగ్రాము పెట్టి, మీ చేతనే నడిపించవచ్చు.

ఇక పరీక్షించి చూడండి. జీసీసీ అని రాసి, ఖాళీ వదిలి, రెండు అడ్డగీతలు, వెర్షన్ అని కొడితే సంఖ్య కనబడాలి. తరువాత ఈ చిన్న లెక్క రాయండి. ఒక కర్మాగారంలో 200 మగ్గాలు, ఒక్కొక్కటి 200 మీటర్లు నేసింది, మొత్తం ఎంత? ఇంట్ రకం చలరాశుల్లో వేసి గుణించి ముద్రించండి. జీసీసీతో గానీ క్లాంగ్‌తో గానీ 40000 వస్తుంది. అదే ప్రోగ్రామును టర్బో సిలో నడిపితే -25536 వస్తుంది! అక్కడ ఇంట్‌కు 16 బిట్లే, 32767 దాటితే పట్టదు. 40000 లోంచి 65536 తీసేస్తే మిగిలేది అదే. ఇక్కడ ఇంట్‌కు 32 బిట్లు.

ఇంటి దగ్గర చేయవలసిన పని ఒకటి. ఇంట్‌కు బదులు లాంగ్ రకం ఎన్ని బైట్లో సైజ్ఆఫ్ సహాయంతో ముద్రించండి. 64 బిట్ల విండోస్‌లో 4 వస్తుంది, 64 బిట్ల లినక్స్, మ్యాక్‌లలో 8 వస్తుంది. మీ యంత్రంలోనూ వేరే సిస్టం ఉన్న స్నేహితుడి యంత్రంలోనూ నడిపి, రెండు జవాబులూ నోట్సులో పక్కపక్కన రాసుకోండి.