బురదను దింపే తెల్లపొడి

నాచారం, మల్లాపూర్, ఉప్పల్ పారిశ్రామికవాడల్లో వ్యర్థజలాలను శుద్ధి చేసే గదుల్లో 25 కిలోల తెల్లపొడి బస్తాలు ఉంటాయి. అక్కడ పనిచేసేవాళ్లకు అది ‘పాలీ’. పూర్తి పేరు పాలీఅక్రిలమైడ్. ద్రావణం కలుపుకోవడానికి లీటరు నీటికి ఒక గ్రాము చాలు. అదీ ఒక్కసారిగా కుమ్మరిస్తే ఉండలు కట్టి ఎంతకీ కరగదు. కొద్దికొద్దిగా చల్లుతూ నిదానంగా కలియతిప్పాలి. తొందరపడి వేగం పెంచితే అందులోని పొడవాటి అణువులు తెగిపోయి పొడి పనికిరాకుండా పోతుంది. నేలమీద ఒలికితే కాలు నిలవనంత జారుడు.

ఫ్యాక్టరీ నీటికోసమే పుట్టినట్టు కనిపించే ఈ పొడికి బతుకు నేర్పినవి గనులు, పొలాలు.

తవ్విన నేలమీద వాన పడితే ఇసుక త్వరగానే అడుగుకు చేరుతుంది. చిక్కంతా బంకమట్టితోనే. రెండు మైక్రాన్ల మట్టి రేణువు నిశ్చలమైన నీటిలో ఒక్క మీటరు లోతు దిగడానికి దాదాపు మూడు రోజులు తీసుకుంటుంది. రేణువు అందులో పదోవంతే ఉంటే నూరు రెట్లు ఎక్కువ సమయం కావాలి. పైగా రేణువులన్నిటి మీదా రుణ విద్యుదావేశం ఉంటుంది కాబట్టి అవి ఒకదాన్నొకటి తోసుకుంటూ తేలుతూనే ఉంటాయి. పాలీఅక్రిలమైడ్ అణువు లక్షకు పైగా చిన్న అణువులు వరుసగా ముడిపడ్డ గొలుసు. ఒక కొస ఒక రేణువును పట్టుకుంటే ఇంకో కొస మరోదాన్ని పట్టుకుంటుంది. గొలుసుకూ రుణావేశమే ఉన్నప్పుడు నీటిలోని కాల్షియం మధ్యవర్తి అవుతుంది. అలా పోగైన మట్టి బరువెక్కి నిమిషాల్లో దిగిపోతుంది, పైన తేటనీరు మిగులుతుంది.

మన పల్లెల్లో చిల్లగింజను అరగదీసి బానలో కలిపితే నీరు తేరుకునేది. ఆ గింజలోని పొడవాటి చక్కెర గొలుసులదీ ఇంచుమించు ఇదే పని. సుశ్రుత సంహిత దాన్ని కతకం అన్నది. పాలిమర్‌తో, అంటే ఇలాంటి గొలుసు అణువుతో, నీరు తేర్చడం మనకు కొత్త కాదు. కొత్తదల్లా ఆ పాలిమర్‌ను కర్మాగారంలో తయారు చేయడమే.

1951 చివర్లో అమెరికాలో మోన్‌శాంటో కంపెనీ ‘క్రిలియం’ పేరిట ఇలాంటిదే మరో పాలిమర్‌ను నేలను గుల్లబరిచే మందుగా ప్రకటించింది. పై మట్టి అంతటా కలపాలంటే హెక్టారుకు వందల కిలోలు కావాలి. ఆ ధర ఏ రైతు భరిస్తాడు? అది నిలబడలేదు. ఆ దశకంలోనే డౌ కెమికల్ వారి ‘సెపరాన్’ అనే పాలీఅక్రిలమైడ్ గనుల్లో కుదురుకుంది. యురేనియం మిల్లుల్లో ముడిరాయిని పొడిచేసి రసాయనంతో నానబెట్టాక బురదనూ ద్రావణాన్నీ వేరుచేయడానికి దాన్ని వాడారు. నాచారం పొరుగున 1971లో ఏర్పడిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌కు జాదూగూడ గని నుంచి వచ్చేది అలా వేరుచేసి గాఢపరిచిన యురేనియమే. బురద మాత్రం గని దగ్గరే ఉండిపోతుంది. దాని కాపలా తరాలపాటు అక్కడివాళ్ల మీదే.

నేలకోతకు ఈ పొడిని వాడే తెలివైన దారి 1990ల మొదట్లో దొరికింది. ఐడహో రాష్ట్రంలోని కింబర్లీలో అమెరికా వ్యవసాయశాఖ శాస్త్రవేత్తలు రాడ్రిక్ లెంట్జ్, రాబర్ట్ సోజ్కా నేలంతటినీ వదిలేసి, సాళ్లలో పారే నీటిని పట్టుకున్నారు. మొదట పారే నీటిలో లీటరుకు పది మిల్లీగ్రాములు కలిపితే చాలు, సాళ్లలో మట్టి కోత సగటున 94 శాతం తగ్గింది. క్రిలియం రోజుల్లో వందల కిలోలు అడిగిన పని ఒక తడికి హెక్టారుకు కిలో, రెండు కిలోలకు దిగింది. నా దృష్టిలో ఈ పొడి చరిత్రలో అన్నిటికన్నా పెద్ద మలుపు ఇదే. ఇక్కడ అసలు మారింది మందుకన్నా వాడే చోటే.

ఈ పద్ధతి గనులకు అచ్చంగా సరిపోతుంది. రామగుండం, మణుగూరు, సత్తుపల్లి ఓపెన్‌కాస్టు బొగ్గుగనుల చుట్టూ పైమట్టీ రాళ్లూ పోసిన ఓబీ డంపులు కొండల్లా లేచి ఉన్నాయి. గడ్డి వేళ్లు పట్టకముందు పడే తొలకరి వానే వాటికి గండం. విత్తనంతోపాటు పాలిమర్, కాల్షియం కోసం జిప్సం చల్లితే మొక్క మొలిచేదాకా పైపొర చెదరకుండా నిలుస్తుంది. కాలువల్లో పాలిమర్ దిమ్మెలు కట్టి ఉంచితే వాటిని ఒరుసుకుంటూ పారే నీరు కొంచెంకొంచెంగా కరిగించుకుని, కిందనున్న కుంటలో మట్టిని వదిలేస్తుంది. అయితే డంపు వాలు సరిచేయకుండా, కాలువలు తీయకుండా పొడి ఒక్కటే చల్లితే డబ్బు దండగ. ఎండకు గొలుసులు తెగుతాయి, నేలలో ఏడాదికి పదిశాతం వరకూ క్షీణిస్తుంది.

ఎంపికలోనూ జాగ్రత్త కావాలి. ధనావేశం ఉన్న రకం చేపల మొప్పలకు అతుక్కుని ఊపిరాడనివ్వదు. వాగుల్లో కలిసే చోట రుణావేశ రకమే వాడాలి. పొడిలో మిగిలిపోయే అక్రిలమైడ్ నరాలకు విషం. అందుకే అది 0.05 శాతం మించకూడదని అమెరికాలో హద్దు పెట్టారు. బస్తా కొనేముందు ఆ పరీక్షా పత్రం అడగడం కొనేవాడి హక్కు.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది నీటి తేటదనం మీద మనకున్న గుడ్డినమ్మకం. పాలీఅక్రిలమైడ్ తేలే మట్టిని దించుతుంది గానీ కరిగిపోయినదాన్ని పట్టుకోలేదు. బొగ్గులోని పైరైట్‌కు గాలీ నీరూ తగిలి ఆమ్లం పుడితే ఇనుము నీటిలో కరుగుతుంది. ముందు సున్నం వేసి ఆ ఇనుమును విరగ్గొడితేనే ఈ గొలుసులకు పట్టు దొరుకుతుంది. అప్పటికీ సల్ఫేటు చాలావరకు నీటిలోనే ఉంటుంది. కడప జిల్లా తుమ్మలపల్లి యురేనియం మిల్లు వ్యర్థాల చెరువు దగ్గర కె.కె.కొట్టాల రైతులు ఏళ్లుగా తమ బోరునీరు పాడైందని మొరపెట్టుకుంటున్నారు. ఆ మొరకు జవాబు నీటి రంగు చూసి చెప్పలేం.

కరిగిన లోహాలను అతి సూక్ష్మమోతాదుల్లో కొలిచే పరికరాలు మనకున్నాయి. ఉప్పల్ రోడ్డులోనే 1961లో నెలకొన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ప్రయోగశాలల్లో ఆ పని జరుగుతుంది. పాలిమర్ వాడే ప్రతి గని దిగువనా మట్టి మోతాదుతో పాటు సల్ఫేటు, నైట్రేటు, యురేనియం లెక్కలూ వానకు ముందూ తర్వాతా తీసి, ఊరి పంచాయతీ గోడమీద తెలుగులో రాయించాలి.