నడిస్తే ఎన్ని నిమిషాలు? కారు తాళాలు పక్కన పెట్టించిన బోర్డు కథ

ముందు ఒక చిన్న ప్రశ్న. మీ ఇంటి నుంచి మెట్రో స్టేషన్‌కో, బస్టాప్‌కో నడిస్తే ఎన్ని నిమిషాలు పడుతుంది? మ్యాప్ చూడకుండా చెప్పండి.

నన్నడిగితే మొన్నటిదాకా 25 నిమిషాలు అనేవాణ్ణి. అందుకే రోజూ బైక్ ట్యాక్సీ. ఒకరోజు రైడ్ రెండుసార్లు క్యాన్సిల్ అయింది. చిరాకేసి నడుచుకుంటూ వెళ్లిపోయా. 12 నిమిషాలు, అంతే! రోజూ బండి కోసం గేటు దగ్గర నిలబడేదే ఏడెనిమిది నిమిషాలు.

ఇలా లెక్క తప్పేది నేనొక్కణ్ణే కాదు. అమెరికాలో నార్త్ కరోలినా రాజధాని రాలీ. మన తెలుగువాళ్లు బాగా ఉండే కేరీ, మోరిస్‌విల్ దాని పక్కనే. అక్కడ మ్యాట్ తోమసులో అనే స్టూడెంట్ ఒక విషయం గమనించాడు. జనం నడవకపోవడానికి కారణం బద్ధకం ఒక్కటే కాదు, ఎంత దగ్గరో వాళ్లకు తెలియకపోవడం కూడా. 2012 జనవరిలో ఒక రాత్రి మూడు జంక్షన్లలో 27 బోర్డులు కట్టేశాడు. వాటి మీద ఫలానా చోటికి నడిస్తే ఇన్ని నిమిషాలు అని రాసి, ఒక బాణం గుర్తు, దారి చూపే క్యూఆర్ కోడ్ పెట్టాడు. 'నడిస్తే ఆరోగ్యం' లాంటి క్లాసు పీకడాలు లేవు.

పర్మిషన్ లేదు కాబట్టి సిటీ వాళ్లు బోర్డులు తీసేశారు. జనం ఊరుకోలేదు. మళ్లీ పెట్టమని వెయ్యి మందికి పైగా ఆన్‌లైన్‌లో సంతకాలు పెట్టారు. సిటీ కౌన్సిల్ ట్రయల్‌గా మళ్లీ పెట్టించింది. తర్వాత అదే ఐడియా 'వాక్ యువర్ సిటీ' పేరుతో వేరే ఊళ్లకూ వెళ్లింది.

ఎందుకు పనిచేసిందంటారా? కిలోమీటర్ అంటే చాలా దూరం అనిపిస్తుంది. నిమిషాలైతే మనం రోజూ ఖర్చుపెట్టేవే. మామూలు నడక గంటకు సుమారు 5 కిలోమీటర్లు. అంటే నిమిషానికి సుమారు 83 మీటర్లు, కిలోమీటర్‌కు 12 నిమిషాలు.

"అన్నా, మన దగ్గర ఫుట్‌పాత్ ఏదీ?" అంటారు. కరెక్టే. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, అందులో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లే. ఆ జంక్షన్లలో నడవడానికి దారి ముందే ఉంది, సమాచారమే తక్కువైంది. మనకు చాలా చోట్ల రెండూ లేవు. అందుకే ఊరికే 'నడవండి' అని నేను చెప్పను.

చేయగలిగింది ఇది. కిలోమీటర్ లోపు పని ఒక్కటి ఎంచుకోండి. మెయిన్ రోడ్డు కాకుండా లోపలి గల్లీల్లోంచి ఒకసారి నడిచి టైమ్ చూసుకోండి. ఫుట్‌పాత్ ఆగిపోయి రోడ్డెక్కాల్సి వచ్చిన చోట ఫోటో తీసి మున్సిపాలిటీకి కంప్లైంట్ పెట్టండి. నడిచేవాళ్లు అడగకపోతే ఫుట్‌పాత్ రాదు.

నేను మా లిఫ్ట్ పక్కన ఒక కాగితం అతికించా: కిరాణా 3 నిమిషాలు, గుడి 5, మెట్రో 12. కింది ఫ్లాట్ అంకుల్ చదివి, "గుడికి అయిదే నిమిషాలా? నేను పార్కింగ్ వెతకడానికే పది తిరుగుతా కదరా!" అన్నారు. కారు తాళాలు జేబులో వేసుకుని గేటు దాటి నడుచుకుంటూ వెళ్లారు.

మీ అంచనా ఎంత, నడిచాక అసలు ఎంత? కామెంట్‌లో రెండు నంబర్లూ పెట్టండి. మళ్లీ కలుద్దాం.